కొత్త కారుని రోజూ తుడవాలా?

ప్రశ్న: నమస్కారమండీ. ఏళ్ళ తరబడి అనుకుంటూ అనుకుంటూ మొత్తానికి ఉగాదికి కారు కొన్నాం. ముదురు నీలం రంగు. ఉండేది హైదరాబాద్ నిజాంపేటలో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పార్కింగ్. వాచ్‌మన్ నెలకి ఏడు వందలు తీసుకుని రోజూ తెల్లారే తుడుస్తాడు. ఒంగోలు నుంచి మా నాన్నగారు వచ్చి ఉన్నారు, ఆయన మళ్ళీ సాయంత్రం పాత పంచె గుడ్డతో ఇంకోసారి తుడుస్తారు. ఇంత శ్రద్ధగా చూసుకుంటున్నా రెండు నెలలు తిరక్కుండానే, ఎండలో చూస్తే బానెట్ నిండా గుండ్రంగా సన్నటి గీతలు. బోరు నీళ్ళతో కడిగితే తెల్ల మచ్చలు. సెల్లార్ పైకప్పు నుంచి ఏదో తెల్లగా కారి డిక్కీ మీద గట్టిపడింది. పూజ రోజు పెట్టిన పసుపు మరక కూడా పూర్తిగా పోలేదు. షోరూమ్ వాళ్ళేమో టెఫ్లాన్ వేయించండి, సిరామిక్ వేయించండి అని వదలకుండా ఫోన్ చేస్తున్నారు. కొత్త కారుకి మూడు నెలల దాకా వాక్స్ వేయకూడదని మా బావగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి? కవర్ కప్పి ఉంచితే సరిపోతుందా?

సమాధానం: ముందు ఆ రోజూ తుడవడం ఆపించండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. మీ బానెట్ మీద గీతలు పడింది శ్రద్ధ తక్కువై కాదు, ఎక్కువై. దుమ్ము దానంతటది వారం రోజులు కారు మీద పడి ఉన్నా రంగుకి ఏమీ కాదు. చూడ్డానికి బాగుండదు, నలుగురూ ఏమనుకుంటారో అనిపిస్తుంది, అంతే. ఆ దుమ్ముని పొడి గుడ్డతో దులిపినప్పుడే అసలు నష్టం మొదలవుతుంది.

మీ వైపు ఏ సందు చూసినా ఏదో ఒక బిల్డింగ్ లేస్తూనే ఉంటుంది. కాబట్టి కారు మీద పడే దుమ్ములో మెత్తటి మట్టితో పాటు ఇసుక, సిమెంటు, రాతి పొడి అన్నీ ఉంటాయి. ఇసుక రేణువు కారు పై పూత కన్నా చాలా గట్టిది. దాని మీద గుడ్డ పెట్టి నొక్కి తిప్పితే ఆ గుడ్డ ఉప్పుకాగితం అయిపోతుంది. పంచె ఎంత మెత్తగా ఉన్నా లాభం లేదు, గీత గీసేది గుడ్డ కాదు, దాని కింద నలిగే రేణువు. పోనీ వాచ్‌మన్ తడిగుడ్డ వాడతాడా అంటే, ఒకే బకెట్‌లో ముంచి పిండి వరసగా కార్లన్నీ తుడిచే గుడ్డ అది. పక్కవాళ్ళ కారు చక్రాల మీది బ్రేకు పొడి కూడా మీ బానెట్ మీదకే వస్తుంది. పిడికి గుడ్డ పీలికలు కట్టి అమ్మే డస్టర్లు కూడా ఇదే బాపతు.

కారు రంగు అంటే ఒక పొర కాదు. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆ పైన మీరు ఎంచుకున్న నీలం, అన్నిటికీ పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్. నాలుగూ కలిపినా సాధారణంగా 100 నుంచి 130 మైక్రాన్లు. మెరుపంతా ఇచ్చే క్లియర్ కోట్ వాటా అందులో 40, 50 మైక్రాన్ల దాకా. అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. కారు ఉన్నన్నాళ్ళూ ఎండని, వానని, మన చేతుల్ని తట్టుకోవాల్సింది ఆ పలచని పొరే. మీరు చూస్తున్న గీతలు దాని పైపైనే ఉన్నాయి, నీలం దాకా దిగలేదు. తెల్ల కారు అయితే ఇవే గీతలు ఉన్నా మీకు కనిపించేవి కావు. ముదురు రంగు కొన్నందుకు ఈ తలనొప్పి కాస్త ఎక్కువ.

ఉన్న గీతల కోసం రబ్బింగ్ కొట్టిస్తానని మాత్రం బయల్దేరకండి. రబ్బింగ్ అంటే గీత లోతు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని అరగదీసి సమం చేయడం. చేసిన ప్రతిసారీ పొర పలచబడుతుంది, అరిగింది తిరిగి రాదు. రెండు నెలల కారుకి అది చేయించడం నాకైతే మనసొప్పదు. కారణమైన తుడుపు ఆగకుండా చేయిస్తే ఇంకో రెండు నెలలకి మళ్ళీ అవే గీతలు. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు బిల్లులో 'రబ్బింగ్, పాలిష్' అని వాళ్ళంతట వాళ్ళే చేరుస్తుంటారు, వద్దని ముందే చెప్పండి. ఎప్పుడో మూడు నాలుగేళ్ళకి, మెరుపు బాగా తగ్గాక, పొర మందం మీటరు పెట్టి కొలిచి చేసేవాళ్ళ దగ్గర ఒకసారి చేయిస్తే చాలు.

ఇక కడగడం. వారానికో, పది రోజులకో ఒకసారి సరిపోతుంది. కావలసినవి ఎక్కువేం లేవు: కారు షాంపూ, రెండు బకెట్లు, చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్ ఒకటి, తుడవడానికి పెద్ద మైక్రోఫైబర్ టవల్ ఒకటి, చక్రాలకి విడిగా ఒక బ్రష్షు. అన్నీ కలిపి రెండు వేల లోపే వచ్చేస్తాయి. బట్టల సర్ఫు, గిన్నెల సబ్బు వద్దు. నూనె జిడ్డుని వదిలించడానికి చేసిన సరుకు అది, కారు మీది వాక్స్‌ని కూడా అలాగే వదిలించేస్తుంది.

ఎండలో ఉండగా మొదలుపెట్టకండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఆగండి. వేడి రేకు మీద షాంపూ నీళ్ళు మీరు కడిగే లోపే ఆరిపోయి మరకలు కడతాయి. మొదట చక్రాలు కడిగేయండి, చివరికి పెట్టుకుంటే ఆ మురికి కడిగిన తలుపుల మీదకి చిందుతుంది. తర్వాత షాంపూ ఏమీ లేకుండా, చెయ్యి ఆనించకుండా, ఉత్త నీళ్ళే పైనుంచి కింద దాకా ధారగా పోయండి. చాలామంది తొందరలో వదిలేసేది ఈ పనే, గీతల నుంచి కాపాడేదీ ఇదే. వదులుగా ఉన్న ఇసుక చాలావరకు ఇక్కడే పోతుంది. పైపు ఉంటే మంచిది, లేకపోతే మగ్గుతోనైనా సరే.

ఆ తర్వాత ఒక బకెట్‌లో షాంపూ నీళ్ళు, ఇంకో బకెట్‌లో మామూలు నీళ్ళు పెట్టుకోండి. మిట్‌ని షాంపూలో ముంచి టాప్ మీద సగం కడిగారా, మళ్ళీ షాంపూలో పెట్టేముందు మామూలు నీళ్ళ బకెట్‌లో జాడించండి. మొదటిసారి చేసినప్పుడు ఆ రెండో బకెట్ అడుగున చేరిన ఇసుకని మీ నాన్నగారికి చూపించండి. ఇంకెవరూ చెప్పక్కర్లేదు, పంచె గుడ్డ ఆయనే పక్కన పడేస్తారు. టాప్, అద్దాలు, బానెట్, తలుపుల పైభాగం, చివరికి తలుపుల కిందిభాగం, బంపర్లు, ఇదీ వరస. కింది భాగంలో మురికి ఎక్కువ కాబట్టి అది ఆఖరున. చేతిని గుండ్రంగా తిప్పకుండా నిలువునా, తిన్నగా పోనివ్వండి, నొక్కకండి. మిట్ కింద పడితే ఎంత దులిపినా ఇక ఆ రోజుకి దాన్ని కారుకి ఆనించొద్దు. ఆఖర్న తుడిచేటప్పుడు కూడా రుద్దక్కర్లేదు, టవల్ పరిచి నెమ్మదిగా లాగితే నీళ్ళు అదే పీల్చుకుంటుంది. ఆ టవళ్ళని ఇంట్లో బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి, కంఫర్ట్ లాంటివి వేయకండి. వేస్తే పీల్చుకునే గుణం పోతుంది.

నీళ్ళకి కటకట అయిన రోజుల కోసం రిన్స్‌లెస్ వాష్ అని, తర్వాత నీళ్ళు పోసి కడగక్కర్లేని ద్రవం దొరుకుతుంది. ఒక బకెట్ నీళ్ళలో కొద్దిగా కలిపి, నాలుగైదు మైక్రోఫైబర్ గుడ్డలు అందులో నానబెట్టి, ఒక్కో భాగానికి గుడ్డ కొత్త మడత తిప్పుకుంటూ తుడవడమే. 2024 ఎండాకాలంలో బెంగళూరులో తాగునీటితో కారు కడిగితే ఐదు వేలు జరిమానా అన్నప్పుడు అక్కడ చాలామందికి ఇది బాగా పనికొచ్చింది. బురద పట్టిన కారుకి మాత్రం ఇది కుదరదు.

బయట వాటర్ వాష్‌కి ఇవ్వడం తప్పేమీ కాదు, ముఖ్యంగా వానాకాలంలో కింది భాగానికి. కాకపోతే ప్రెషర్ గన్నుని అడుగు దూరమైనా పెట్టి కొట్టమనండి, బండికింద డీజిల్ కొట్టొద్దని గట్టిగా చెప్పండి. నల్లగా నిగనిగలాడుతుందని కొడతారు గానీ డీజిల్ తగిలితే సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి. పైభాగం గుడ్డతో తుడవకుండా నీళ్ళు కారుతుండగానే ఇచ్చేయమనండి, మీ టవల్‌తో మీరే తుడుచుకోండి. వాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

బోరు నీళ్ళ సంగతి. తెల్ల మచ్చలంటే నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్ళు ఆవిరైపోతాయి, అవి మిగిలిపోతాయి. అలాగే ఎండలో మళ్ళీ మళ్ళీ కాలితే క్లియర్ కోట్‌ని తినేసి గుంటలా అచ్చు పడుతుంది, అప్పుడు ఏం రాసినా పోదు. బోరు నీళ్ళతో కడగడం తప్పదు గానీ కారు మీద అవి ఆరనివ్వకుండా చూసుకోవచ్చు. ఒక తలుపు కడిగితే ఆ తలుపు వెంటనే తుడిచేయండి. ఇంకో చిట్కా, ఇది పైసా ఖర్చు లేనిది: ఏసీ నుంచి బయటికి కారే నీళ్ళు గాలిలోని తేమ చల్లబడి నీరుగా మారి వచ్చినవి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. పైపు కింద బకెట్ పెట్టి పట్టుకుని, ఆఖరి జాడింపుకి అవి పోయండి. వాన నీళ్ళైనా అంతే. ఆర్వో మిషన్ వదిలేసే వేస్ట్ నీళ్ళని మాత్రం కారుకి పోయకండి. నీళ్ళు వృథా చేయకూడదన్న మంచి ఉద్దేశంతోనే చాలా ఇళ్ళలో పోస్తుంటారు గానీ, బోరులో ఉన్న ఉప్పంతా ఇంకా చిక్కబడి ఉండేది వాటిలోనే. గచ్చు కడుక్కోవడానికి వాడుకోండి.

ఇప్పటికే పడ్డ మచ్చలకి తెల్ల వెనిగర్‌లో అంతే కొలత నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద రెండు నిమిషాలు ఆనించి ఉంచండి. రుద్దకండి, తర్వాత నిండుగా నీళ్ళు పోసి కడిగేయండి. కొత్త మచ్చలైతే దీనికి పోతాయి.

డిక్కీ మీద కారిన తెల్లటిది ఇంకో రకం, దానికి తొందరపడాలి. పైన స్లాబులో ఎక్కడో నీళ్ళు ఊరుతున్నాయి. ఆ నీళ్ళు కాంక్రీటులోంచి దిగుతూ సున్నాన్ని కరిగించుకుని వస్తాయి, కింద పడ్డాక గాలి తగిలి రాయిలా గట్టిపడుతుంది. ఆ సున్నపు నీళ్ళకి క్షారగుణం బాగా ఎక్కువ, క్లియర్ కోట్‌ని కొరికేస్తుంది. గోటితోనో కార్డుతోనో గీకితే పెళ్ళతో పాటు రంగు కూడా లేస్తుంది. ఇందాకటి వెనిగర్ నీళ్ళే పట్టించి, మెత్తబడినంతమేర తీసి, కడిగి, మళ్ళీ పట్టించండి. ఒక్క రోజులో పోకపోయినా కంగారు లేదు. ఈలోగా అసోసియేషన్‌కి చెప్పి పైన వాటర్‌ప్రూఫింగ్ చేయించమనండి. అది తేలడానికి ఎన్ని మీటింగులు పడుతుందో మీకు తెలుసు కాబట్టి అప్పటిదాకా కారుని ఒక అడుగు పక్కకి జరిపి పెట్టుకోండి.

ఆఫీసు దగ్గర బయట పెట్టేటప్పుడు చెట్టు నీడ కోసం వెతుకుతాం, సహజం. కానీ నీడతో పాటు పిట్టల రెట్టలు కూడా వస్తాయి. రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది, ఎండకి రంగు వేడెక్కి మెత్తబడినప్పుడు అది బాగా పట్టేస్తుంది. మే నెల ఎండలో ఒక్క పూటలో మచ్చ పడిపోయిన కార్లున్నాయి. డోర్‌లో ఒక చిన్న స్ప్రే బాటిల్ నీళ్ళు, ఒక మైక్రోఫైబర్ గుడ్డ పెట్టుకోండి. తడిపి, నానబెట్టి, ఎత్తి తీసేయండి. మామిడి చెట్టు అయితే పూత కాలంలో దాని కింద అసలే పెట్టకండి. తేనెమంచు పురుగు విసర్జించే జిగురు సన్నటి తుంపరలా పడి, దాని మీద దుమ్ము అంటుకుని అద్దం కూడా కనపడకుండా చేస్తుంది. తొలకరి వానలకి రాత్రిపూట ప్రయాణం చేస్తే బంపర్ నిండా ఉసిళ్ళు అతుక్కుంటాయి, వాటికీ తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచడమే మందు.

పూజ మరక గురించి టెన్షన్ వద్దు. పసుపులోని రంగు వెలుతురు తగిలితే క్రమంగా తేలిపోతుంది, బట్టల మీది పసుపు మరకని ఎండలో వేయమనేది అందుకే. మీ కారు ఎక్కువగా సెల్లార్‌లోనే ఉంటోంది కాబట్టి ఇంకా మిగిలింది. కొన్నాళ్ళు పొద్దుటి ఎండలో పెట్టండి. ఈసారి దసరాకి ఆయుధపూజ చేసుకునేటప్పుడు గంధం, కుంకుమ ముందు అద్దం మీద పెట్టుకోండి, గాజుకి మరక పట్టదు. తీసేటప్పుడు కూడా పొడిగా తుడిచేయకుండా ముందు నీళ్ళు పోయండి. కొబ్బరికాయ కొట్టిన నీళ్ళు బంపర్ మీద చిందితే అదే రోజు కడిగేయండి. అసలు గీతలు పడేది కుంకుమ వల్ల కంటే దండ కట్టే ఇనుప తీగ వల్లే ఎక్కువ, దండని దారంతో కట్టించుకోండి.

మీ బావగారి మాటలో నిజం లేకపోలేదు, అది మీ కారుకి వర్తించదంతే. ఫ్యాక్టరీలో రంగు వేశాక బాడీని ఓవెన్‌లో దాదాపు 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఇంజను, సీట్లు, వైర్లు బిగించక ముందు జరిగే పని కాబట్టి అంత వేడి పెట్టగలుగుతారు. మీ చేతికి వచ్చేసరికి ఆ రంగు పూర్తిగా గట్టిపడిపోయి ఉంటుంది, వాక్స్ ఈ ఆదివారమే వేసుకోవచ్చు. ఎక్కడైనా గుద్దుకుని డెంటింగ్, పెయింటింగ్ చేయించిన కారు సంగతి వేరు. అక్కడ అంత వేడి పెట్టడం కుదరదు, రంగుని పలచన చేయడానికి కలిపిన సాల్వెంట్ ఆవిరైపోవడానికి వారాలు పడుతుంది. ఆ కారుకైతే బావగారు చెప్పినట్టు ఆగాల్సిందే.

టెఫ్లాన్ అని షోరూమ్‌లలో చెప్పేదాని మీద నాకు నమ్మకం లేదు. టెఫ్లాన్ అంటే నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పీటీఎఫ్ఈ. దాని ద్రవీభవన స్థానం 327 డిగ్రీలు, పెనానికి అంటుకోవాలంటే అంత వేడి పెట్టాలి. మీ కారుకి ఎవరూ అలా పెట్టరు, పెట్టకూడదు కూడా. కాబట్టి అక్కడ వేసేది ఒక మాదిరి పాలిష్, వేలు పెట్టాల్సినంత వస్తువు కాదు.

సిరామిక్ కోటింగ్ నిజంగానే పనిచేస్తుంది, కానీ చెప్పినంత కాదు. అది సిలికా ఆధారంగా తయారైన ద్రవం, క్లియర్ కోట్ మీద గట్టి పొరలా అతుక్కుంటుంది. నీళ్ళు జారిపోతాయి, మురికి సులువుగా వదులుతుంది, మెరుపు బాగుంటుంది. '9హెచ్' అని గొప్పగా చెప్తారు, అది పెన్సిల్ గట్టిదనంతో పోల్చే కొలత, రాయి తగిలితే ఆపేది కాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ముందు లారీ టైరు విసిరిన కంకర రాయికి సిరామిక్ ఉన్నా లేకపోయినా ఒకటే. బోరు నీళ్ళ మచ్చలు దాని మీద కూడా పడతాయి. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: గీతలున్న కారు మీద వేస్తే ఆ గీతలు కింద అలాగే ఉండిపోతాయి, కాబట్టి వేసే ముందు పాలిష్ పట్టాల్సిందే. అంటే మీ పలచని పొరలో కొంత మొదటి ఏడాదిలోనే ఖర్చు. పైగా రోజూ తుడిచే ఇంట్లో సిరామిక్ మీద కూడా గీతలు పడతాయి. ముందు కడిగే పద్ధతి మార్చుకుని ఒక ఏడాది చూడండి, అప్పటికీ కావాలనిపిస్తే వేయించుకోండి.

కంకర దెబ్బల్ని నిజంగా ఆపేది పీపీఎఫ్, అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్. 150 మైక్రాన్లు, ఆ పైన మందం ఉండే పాలీయురెథేన్ ఫిల్మ్ అది. వియత్నాం యుద్ధంలో అమెరికా హెలికాప్టర్ రెక్కల్ని ఇసుక దెబ్బల నుంచి కాపాడడానికి వాడిన ఫిల్మ్ నుంచి పుట్టింది. కారు మొత్తానికి వేయిస్తే ఖర్చు తలకి మించినపని. మీరు వారాంతాల్లో ఒంగోలు హైవే మీద తిరిగేవాళ్ళయితే ముందు బంపర్, బానెట్, సైడ్ మిర్రర్ల వెనకవైపుకి మాత్రం వేయించుకోండి. డోర్ హ్యాండిల్ కింద గోళ్ళు గీసుకునే చోట చిన్న ముక్కలు చాలు. ఊళ్ళో తిరగడమే అయితే అవసరం లేదు.

ఇప్పటికి మీరు చేయాల్సింది ఒక మంచి వాక్సో, వాక్స్ లాంటిదే అయిన సింథటిక్ సీలెంటో కొనుక్కుని, మూడు నెలలకోసారి మీరే వేసుకోవడం. కడిగి ఆరిన కారు మీద, నీడలో, ఒక్కో భాగానికి వేలి కొసకి తీసుకున్నంత చాలు. పలచగా పరిచి, మసకగా ఆరాక మెత్తటి మైక్రోఫైబర్‌తో తీసేయండి. దట్టంగా పూస్తే మెరుపు పెరగదు, తుడవడానికి చేతులు నొప్పెడతాయి. నల్ల ప్లాస్టిక్ భాగాలకి తగలనివ్వకండి, తెల్లగా పట్టేసి పోదు. కారు మీద నీళ్ళు ముత్యాల్లా నిలవకుండా పరుచుకుంటున్నాయంటే మళ్ళీ వేసే టైమ్ వచ్చినట్టు.

వాచ్‌మన్‌కి ఇచ్చే ఏడు వందలు ఆపేయకండి, అతని సంపాదనలో అది ఒక భాగం. అద్దాలు, చక్రాలు, లోపలి మ్యాట్లు చేయమనండి, రంగు మీద గుడ్డ పెట్టొద్దని చెప్పండి. మీ నాన్నగారికి కొత్త కారు మీద ఉన్న ముచ్చట తీరాలి కాబట్టి ఆదివారం రెండు బకెట్ల పని ఆయనతో కలిసి చేయండి. డ్యాష్‌బోర్డు తుడిచే బాధ్యత ఎలాగూ ఆయనదే.

కవర్ సంగతి చివరగా అడిగారు. సెల్లార్‌లో పెట్టే కారుకి కవర్ అక్కర్లేదు. దుమ్ము ఉన్న కారు మీద కవర్ లాగితే ప్రతిసారీ అది ఆ ఇసుకనే పొడవునా ఈడుస్తుంది, గాలికి రెపరెపలాడితే మరీనూ. మీరు నెలరోజులు ఊరెళ్తూ కారు వదిలి వెళ్ళాల్సి వస్తే, కడిగి, పూర్తిగా ఆరాక, లోపల మెత్తటి గుడ్డ పొర ఉన్న కవర్ వేసి వెళ్ళండి. తడి కారు మీద ప్లాస్టిక్ కవర్ మాత్రం ఎప్పుడూ వేయకండి, లోపల చెమ్మ చేరి రంగు మీద బూడిదరంగు మచ్చలు కడుతుంది.